తెలియాల్సింది ఇంకేమీ లేనప్పుడు

నమోదు 1

ఇవాళ గొట్టాల మీద మంచు గీకే వంతు నాది. నీడపాడులో మేజిస్ట్రేటుకైనా వంతు తప్పదు. వంగ మడుల వెనక గోడవారగా వంగి గీకుతుంటే వెలుగు రెండుసార్లు వణికింది. మడుల్లో ఉన్నవాళ్ళందరం పని ఆపి తలలెత్తాం. మూడోసారి వణకలేదు. మళ్ళీ తలలు దించుకున్నాం.

చంద్రుడి దక్షిణపు కొసన ఉన్న మా గుంతలోకి సూర్యుడు ఏనాడూ రాడు. గుంత అంచు మీద నిలబెట్టిన పెద్దద్దం పైనుంచి పంపే వెలుగే మాకు పొద్దు. పంటకీ వంటకీ వేడికీ ఊపిరికీ అదే ఆధారం. సూర్యుడు అంచు చుట్టూ తిరిగేకొద్దీ అద్దాన్నీ తిప్పుకుంటూ పోవాలి. ఇరవై ఏళ్ళుగా తిప్పుతున్న ఇంజనీరు కొప్పిశెట్టి నూకరత్నం ఇప్పుడు నా కస్టడీలో, పిండిమర పక్క గదిలో ఉంది. ఆవిడ కింద పనిచేసినవాళ్ళు తమకు చేతనైనట్టు తిప్పుతున్నారు. అందుకే ఈ వణుకు.

జరిగింది ఇదీ. పోయినవారం వేరే ఊరి మంచు తవ్వకపు బండి ఒకటి అంచుకి అవతల గుడ్డిలోయలో ఆగిపోయింది. లోపల నలుగురు. బేటరీ అడుగంటింది, ఆఖరి పిలుపు అంచు మీది టవరుకి అందింది. అద్దం ముట్టాలంటే కౌన్సిల్ అనుమతి కావాలి. నూకరత్నం ఎవరినీ అడగలేదు. అద్దాన్ని మా మీంచి తిప్పేసి లోయలోకి వేసింది. బండి మీది సోలార్ రేకులకి వెలుగు తగిలింది, నలుగురూ బతికారు. ఇక్కడ ఊరు చీకటైంది. ఆ సమయంలో పంట గుమ్మటం బయట, వేడి గొట్టం మీద మరమ్మతు చేస్తున్న గంటా సన్యాసిరావు చలికి చనిపోయాడు. నిచ్చెన సగంలో, రెండు చేతులూ మెట్టుని పట్టుకునే ఉన్నాయట.

నూకరత్నం మీద నేరం: శిక్షార్హమైన నరహత్య. యావజ్జీవం దాకా వెయ్యొచ్చు.

నమోదు 2

భోజనాల హాల్లో పొద్దుటి పళ్ళేలు తీసేశాక కోర్టు పెట్టాం. పబ్లిక్ ప్రాసిక్యూటర్ ధూళిపాళ శౌరి దరఖాస్తు ఇచ్చాడు. ఈ కేసుని సంక్షిప్త విచారణ కింద నన్నే తేల్చెయ్యమని.

పాత పద్ధతిలో ఇంత పెద్ద నేరం నా చేతిలో ఉండదు. నేను కమిటల్ విచారణ మాత్రం జరపాలి. అంటే సాక్షులందర్నీ పిలిచి, విన్నదంతా రాయించి, కేసులో పస ఉందనిపిస్తే సెషన్స్ కోర్టుకి అప్పగించాలి, లేదంటే ముద్దాయిని వదిలెయ్యాలి. సెషన్స్ కోర్టేమో చంద్రుడి ముందువైపు ఉంది. అక్కడ ముద్దాయి జడ్జి ఎదుట మనిషిగా నిలబడాలి, రేడియోలో కుదరదు. అంత దూరం బండ్లు నడిచే కాలం రావడానికి ఇంకా నెలలు. అందుకే కొత్త సవరణ తెచ్చారు. పై కోర్టు అందనప్పుడు, ముద్దాయి ఒప్పుకుంటే, కమిటల్ లేకుండా మేజిస్ట్రేటే తీర్పు చెప్పొచ్చు. శిక్ష మూడేళ్ళకి మించదు. సాక్ష్యాల సారాంశం రాస్తే చాలు.

ఇంకో షరతుంది. ‘కేసులో కొత్తగా తెలియాల్సింది ఇంకేమీ లేదని మేజిస్ట్రేటుకి నమ్మకం కుదరాలి.’

“ఇందులో తెలియాల్సింది ఏముంది మేడమ్?” అన్నాడు శౌరి. “తిప్పానని ఆవిడే ఒప్పుకుంది. బయట మనిషున్నాడని తెలుసనీ ఒప్పుకుంది. మీరు మూడేళ్ళు వేసి, అద్దం పని మీదే శిక్ష గడపమనండి. ఊరికి పొద్దు నిలబడుతుంది. కౌన్సిల్ కూడా అదే కోరుతోంది.”

శౌరి చెడ్డవాడు కాదు. బచ్చలి మడి ఒకటి అప్పుడే పండుబారింది, అది అందరికీ కనిపిస్తోంది.

నూకరత్నాన్ని అడిగాను. “సంక్షిప్త విచారణకి ఒప్పుకుంటారా? ఒప్పుకుంటే సాక్షుల్ని పిలవం, మీరు మళ్ళీ మొదట్నించీ చెప్పుకోలేరు.”

ఆవిడ లేచి నిలబడింది. పొడుగు మనిషి, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంటుంది. “ఒప్పుకుంటాను. తొరగా రాసీండమ్మా.”

“సన్యాసిరావు బయట ఉన్నాడని తెలిసే తిప్పారా?”

“తెలిసే తిప్పినాను.”

“ఆయనకి చెప్పారా?”

ఆవిడ నా వైపు చూసి, కిటికీ వైపు చూసి, “తెలిసే తిప్పినానన్నాను కదమ్మా” అంది. ఇంక నోరు విప్పలేదు.

నమోదు 3

చనిపోయినవాడి మనుషుల మాట కూడా వినాలని చట్టంలో ఎక్కడా లేదు. అయినా సన్యాసిరావు భార్య పైడితల్లి తనే వచ్చింది. చంకలో పిల్ల. పంట గుమ్మటంలో విత్తనాలు ఆరబెట్టే పని ఆవిడది.

“జడ్జమ్మా, సెషన్సు లేకుండా మీరే తేల్చేత్తారంట. నిజమేనా?”

నిజమేనన్నాను, నేనింకా దానికి ఒప్పుకోలేదని కూడా చెప్పాను.

“అలాగైతే మా ఆయన గురించి ఎంత రాత్తారు?”

అబద్ధం ఆడలేకపోయాను. “సారాంశం రాస్తాం. ఎక్కడ, ఎలా పోయారో.”

“నాలుగు ముక్కలు.” ఆవిడ పిల్లని అటు చంకనుంచి ఇటు చంకకి మార్చుకుంది. “నాకు రత్నమ్మప్ప మీద కోపం ఉన్నాది. లేదని సెప్పను. కానీ ఆవిడికి మూడేళ్ళు పడితే నాకేటి, ముప్పయ్యేళ్ళు పడితే నాకేటి? నాకొకటే తెలియాల. సూటుకి సొంత బేటరీ ఉంటాది. పొద్దు పోయినా గంటసేపు వేడి ఇత్తాది. నిచ్చెన దిగి లోపలికి రావడానికి అంతసేపు పట్టదు. మా ఆయన ఆ నిచ్చెన పదిహేనేళ్ళు ఎక్కినాడు, దిగినాడు. ఆ రోజు ఎందుకు దిగలేదు?”

నాకు తెలియదన్నాను.

“మరి తెలీకుండా ఎలా రాసేత్తారమ్మా?”

ఆ మాట పెద్ద గొంతుతో అనలేదు. పిల్ల నిద్రపోతోంది మరి. ఆవిడ వెళ్ళాక చట్టం పుస్తకం తీసి ఆ షరతు మళ్ళీ చదివాను. కొత్తగా తెలియాల్సింది ఇంకేమీ లేదని. పొద్దున్న శౌరి చదివినప్పుడు అది ఖాళీ మాటలా వినిపించింది. ఇప్పుడు అదే మాట నా మెడ పట్టుకుంది.

నమోదు 4

స్థల పరిశీలన. నేనూ శౌరీ నూకరత్నమూ అంచు మీదకి వెళ్ళాం.

నేను ఈ గుంతలోనే పుట్టాను. పైకి వెళ్ళాల్సిన పని ఎప్పుడూ పడలేదు. తీగబండిలో ఎక్కుతుంటే మొదట మా గుమ్మటాలు అరచేతిలో బటాణీల్లా అయ్యాయి, తరవాత కనబడలేదు. నల్లటి గోడ ఒక్కటే పక్కనుంచి జారిపోతోంది. ఎంతసేపటికీ అదే గోడ.

పైన బండి ఆగింది. తలుపు తెరిచారు.

ముందు సూర్యుణ్ణి చూశాను. అద్దంలో కాదు, అసలుదాన్నే. సూటు కళ్ళద్దం నల్లబడినా సరే, అది నేల అంచు మీద కూర్చుని నా మీదకే చూస్తున్నట్టుంది. నా వెనక నా నీడ పడింది. ఎంత పొడుగంటే దాని తల ఎక్కడుందో కనబడలేదు. మా ఊళ్ళో వెలుగు నడినెత్తిన ఉంటుంది, నీడలు కాళ్ళ కింద నలిగిపోతాయి. నాకు ఇంత నీడ ఉందని నాకు తెలియదు.

“అటు కాదమ్మా, ఇటు సూడండి” అంది నూకరత్నం.

కొండల వెనక సగం మునిగి భూమి ఉంది. నీలంగా, తడిగా. బొమ్మల్లో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. బొమ్మల్లో అది బతికి ఉన్నట్టు ఉండదు. నేను రాతి మీద కూర్చున్నాను. నా బల్ల మీదున్న చట్టం, మనిషిని శిక్షించే ముందు అతని మాట వినాలన్న చట్టం, మొదట అక్కడే, ఆ నీలం మీదే ఎవరో నోటితో అని ఉంటారు. వాళ్ళకి మా గుంత తెలియదు, అద్దం తెలియదు. అయినా ఆ మాట ఇంత దూరం వచ్చి ఈ రాతి మీద నా పక్కన కూర్చుంది.

శౌరి కూడా అటే చూస్తున్నాడు. అతను ఆరేడుసార్లు వచ్చాడట. అలవాటు కాదన్నాడు.

నూకరత్నం అద్దం చూపించింది. మా భోజనాల హాళ్ళు పది దాని మీద పడుకోబెట్టొచ్చు. దాన్ని తిప్పే చక్రం మాత్రం ఆవిడ చాచిన రెండు చేతులంత. తిప్పిన కోణం చూపించింది, లోయ దిక్కు చూపించింది. అక్కడ చీకటి తప్ప ఏమీ లేదు. చీకటి కూడా కాదు, నేలకి చిల్లి పడ్డట్టుంది.

“కౌన్సిల్‌ని ఎందుకు అడగలేదు?” అన్నాడు శౌరి.

“తొమ్మండుగురూ కూడి, కూకుని, టీ తాగి తేల్చేసరికి లోయలో నలుగురూ గడ్డకట్టీసేవోరు. నాకు తెలుసు, నీకూ తెలుసు.”

“సన్యాసిరావుతో మాట్లాడే రేడియో ఏది?” అన్నాను నేను.

చక్రం పక్కనే వేలాడుతున్న చేతి రేడియో చూపించింది. పనిమీద ఉన్నవాళ్ళతో టవరు మీదుగా మాట్లాడడానికి. దాన్ని ఎవరూ రికార్డు చెయ్యరు.

“ఆ రోజు దీంట్లో మాట్లాడారా?”

ఆవిడ అద్దం మీద పడ్డ దుమ్ముని చేత్తో తుడిచింది. “దిగుదామమ్మా. మీకు కొత్త. ఎక్కువసేపు ఉంటే తల తిరుగుతాది.”

నమోదు 5

బచ్చలి పోయింది. చిక్కుడు కూడా పసుపు తిరుగుతోంది. కౌన్సిల్ పెద్ద నా గదికి వచ్చి, “నూకరత్నం చక్రం దగ్గర లేకపోతే ఈ పంట చేతికి రాదు. పిల్లల పళ్ళేల్లో ఏం పెడతావో నువ్వే చెప్పు” అన్నాడు. వాళ్ళు అడుగుతున్నది ఒక్క సంతకం. అది పెడితే రేపటికి పొద్దు సర్దుకుంటుంది.

దరఖాస్తు కొట్టేశాను. తెలియాల్సింది ఒకటి మిగిలి ఉంది కనక ఈ కేసు సంక్షిప్త విచారణకి తగదని రాశాను. కమిటల్ విచారణ జరుపుతాను. సాక్షులందరూ రావాలి, బండిలోని నలుగురితో సహా. అంతవరకూ నూకరత్నం కాపలా మనిషితో అంచు మీదకి వెళ్ళి అద్దం సరిచెయ్యడానికి నా పూచీ మీద అనుమతి ఇచ్చాను. అలా ఇవ్వొచ్చో లేదో నాకు పూర్తిగా తెలియదు. ఇవ్వకూడదని మాత్రం ఎక్కడా లేదు.

నూకరత్నం ఆ మాట విని కోప్పడింది. “మూడేళ్ళు ఏసీమంటే ఏసీకుండా, ఏటమ్మా ఇదంతా? సచ్చినోణ్ణి మళ్ళీ ఎందుకు లెగదీత్తారు?”

నమోదు 6

హాలు నిండిపోయింది. గోడల వెంట కూడా నిలబడ్డారు. పైడితల్లి ముందు బల్ల దగ్గర కూర్చుంది. పిల్లని ఎవరికో అప్పగించినట్టుంది.

బండి తోలిన మనిషి పేరు గడ్డం కొమురెల్లి. ముందువైపు ఊళ్ళోవాడు. ఇన్నాళ్ళూ మా ఆస్పత్రిలోనే ఉన్నాడు, మూడు వేళ్ళు పోయాయి. సంక్షిప్త విచారణ అయ్యుంటే ఇతన్ని అసలు పిలిచేవాళ్ళమే కాదు. శౌరి బండి ఎక్కడ ఆగిందీ, బేటరీ ఎప్పుడు పోయిందీ అడిగాడు. అతను చెప్పాడు. అప్పుడు వెలుగు వచ్చిన సంగతి అడిగాడు శౌరి.

కొమురెల్లి కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకున్నాడు.

“మేం నలుగురం ఒకల్నొకలం పట్టుకోని కూసున్నం మేడం. బయట ఏం కనవడది. కండ్లు మూసినా తెరిసినా ఒక్కటే. గప్పుడు దూరంల ఒక సన్నటి గీత లేసింది. నేను సచ్చిపోతున్ననేమో, గందుకే గిట్ల అవుపడ్తున్నదనుకున్న. ఆ గీత ఎడల్పైంది. నేల మీదికెల్లి మా దిక్కు నడిసి వస్తున్నది. అది వచ్చినకాడల్ల నేల మెరుస్తున్నది మేడం. మొత్తం మంచు. సన్నటి మంచు, పిండి లెక్క. ఆ లోయ పుట్టినకాన్నుంచి దాని మీద వెలుగు పడలే. కోట్ల ఏండ్లు. మొదటిసారి పడ్డది, మా కోసం. నాతోటి పిల్లగాడు మొక్కిండు. ఎవలికి మొక్కుతున్నవ్‌రా అంటే తెల్వదన్నడు.”

శౌరి కాగితాలు సర్దుకుని, ఇంకేం ప్రశ్నలు లేవన్నాడు.

నేను అడగాల్సింది మామూలుగా అడిగాను. “ఇంకేమైనా చెప్పాలా?”

“ఒక ముచ్చట ఉన్నది మేడం. పనికొస్తదో రాదో తెల్వది. మా రేడియోల మేం మాట్లాడెతందుకు కరెంటు లేకుండె గని ఇననీకి ఉండె. వెలుగు రాకముందు అంచు మీది టవరు కెల్లి రెండు గొంతులు ఇనవడ్డయ్. ఒక అమ్మది, ఒక మొగాయనది.”

నూకరత్నం ఒక్కసారిగా లేచింది. “సెప్పొద్దు బాబూ!”

కాపలా మనిషి ఆవిడ భుజం పట్టుకున్నాడు. నేను నోరు తెరిచేలోగానే పైడితల్లి లేచి నిలబడింది. నూకరత్నాన్ని చూడలేదు, కొమురెల్లినే చూస్తోంది.

“సెప్పనీండి” అంది.

సాక్షిని చెప్పమన్నాను.

“ఆ అమ్మ, దిగిపోరా సన్యాసీ, అద్దం తిప్పాల అన్నది. ఆయన, జాయింటు ఇప్పేసి ఉన్నది, ఇప్పుడు ఇడిసిపెడితే గొట్టం గడ్డకట్టి పల్గుతది, పంటంత పోతది అన్నడు. నువ్వు తిప్పు, నేను బిగించి దిగుత అన్నడు. ఆ అమ్మ, బేటరీ సాలదురా అని ఏడ్సింది. నిజంగనే ఏడ్సింది మేడం, నేనిన్న. ఆయన, సాలకుంటే సాలదప్పా, ఆళ్ళు నలుగురు గదా అన్నడు.” కొమురెల్లి ఆగాడు. “గా ఆయనెవలో మాకు తెల్వది. బతికే ఉన్నడనుకున్నం. ఆస్పత్రిల మాకెవలు చెప్పలే.”

“అంతేనా?” అన్నాను.

“ఆఖరికి ఇంకోటి అన్నడు. పైడితల్లికి సెప్పకు, తిడతాది అన్నడు. అని నవ్విండు. గంతే, మల్ల ఇనవడలే.”

బెంచి క్లర్కు రాయడం ఆపేశాడు. రాయమని చెప్పాల్సింది నేను. చెప్పలేదు.

“ఎలగన్నాడు?” అంది పైడితల్లి. “నవ్వుతా అన్నాడా, అని నవ్వినాడా?”

కొమురెల్లి ఆలోచించాడు. “అని నవ్విండమ్మా.”

“అలాగే అంటాడు” అంది ఆవిడ. బల్ల మీదకి వంగి రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. “తిడతాను. తిట్టనేటి?”

నూకరత్నం కాపలా మనిషి చెయ్యి విడిపించుకోలేదు. నిలబడే ఏడుస్తోంది. “సెప్పొద్దని ఆడే అన్నాడమ్మా. ఆడి ఆఖరి మాట. నానెలా సెప్తాను?”

గొట్టం జాయింటు సంగతి చూసి రమ్మని శౌరిని నేనే పంపించాను. తిరిగొచ్చి, కూర్చోకుండానే చెప్పాడు. “బిగించి ఉంది మేడమ్. పూర్తిగా బిగించి ఉంది. తరవాతి వంతువాళ్ళు ముందే బాగుందనుకుని వదిలేశారట.”

మేం ఇన్నాళ్ళూ తిన్నది ఆ గొట్టం కాచిన పంట. ఒక్క మనిషి, చుట్టూ చీకటి, చేతిలో రెంచి. కింద మాలో ఎవరికీ తెలియదు.

నమోదు 7

ఉత్తర్వు రాశాను. ముద్దాయి మీది నరహత్య కేసులో సెషన్స్‌కి పంపదగ్గ పస లేదు. చనిపోయిన మనిషి ప్రమాదం తెలిసి, తనంతట తనే ఉండిపోయాడు. ముద్దాయి దిగమంది. తిప్పకపోతే నలుగురు పోయేవారు. నూకరత్నాన్ని డిశ్చార్జి చేశాను. అనుమతి లేకుండా అద్దం ముట్టినందుకు మందలింపు. చదివి వినిపిస్తే ఆవిడ తలూపింది, సంతోషించినట్టు లేదు.

సాక్ష్యాలన్నీ పూర్తిగా రాయించాను. సన్యాసిరావు మాటలు అతను అన్నవి అన్నట్టే, కొమురెల్లి చెప్పినవి చెప్పినట్టే. కౌన్సిల్ పెద్ద అభ్యంతరం చెప్పలేదు. శౌరి నాతో హాలు బయటికి వచ్చి, “నేను మూడేళ్ళు వెయ్యమన్నాను మేడమ్” అన్నాడు. అన్నాడని నాకు గుర్తుంది. “చట్టంలో ఉన్నదే అడిగారు” అన్నాను. నిజంగా ఉంది కూడా.

నమోదు 8

పైడితల్లి ఆ లోయ చూడాలంది. కొమురెల్లి తన బండి బాగుచేయించుకుని మంచు తవ్వకానికి తిరిగి వెళ్ళే ముందు మమ్మల్ని తీసుకెళ్ళాడు. ముగ్గురమే.

దిగేకొద్దీ చుట్టూ ఏమీ లేదు. బండి దీపాలు పడినంత మేర నేల తెల్లగా, పిండి చల్లినట్టు ఉంది. చక్రాల కింద అది నలుగుతుంటే పాపం చేస్తున్నామేమో అనిపించింది. కాసేపటికి కొమురెల్లి బండి ఆపాడు.

“గదే” అన్నాడు.

తెల్లటి నేల మీద నల్లటి దారి. అద్దం వెలుగు నడిచిన మేర మంచు ఎగిరిపోయి, కింది మన్ను బయటపడింది. ఇటు నుంచి అటు, మా దీపాలు అందనంత దూరం, గీత గీసినట్టుగా. ఇక్కడ గాలి లేదు, వాన లేదు. తుడిచేవాళ్ళు లేరు. నేను పోయాక, నా తరవాత వచ్చే మేజిస్ట్రేట్లందరూ పోయాక, నీడపాడు ఉందో లేదో తెలియని కాలంలో కూడా ఆ దారి అక్కడే ఉంటుంది. ఇంత పెద్దదాన్ని నేను ఎప్పుడూ చూడలేదు.

పైడితల్లి బండి దిగి దారి మధ్యకి వెళ్ళి నిలబడింది. సూటు రేడియో నొక్కింది. తిట్టడం మొదలుపెట్టింది.

నేను ఇక్కడ ఆ మాటలు రాయను. ఆయన మతిమరుపుని తిట్టింది, మొండితనాన్ని తిట్టింది, పెళ్ళినాడు ఆలస్యంగా వచ్చినందుకు తిట్టింది. పిల్లకి పళ్ళొస్తున్నాయని చెప్పి తిట్టింది. జాయింటు అంత గట్టిగా బిగించినందుకు తిట్టింది. కొమురెల్లి తల దించుకుని నిలబడ్డాడు, ఆ తిట్లలో తనకీ వాటా ఉన్నట్టు. చాలాసేపు తిట్టింది. తరవాత ఊపిరి మాత్రమే వినిపించింది.

అప్పుడు రేడియోలో ఇంకో గొంతు పలికింది. అంచు మీద చక్రం దగ్గర ఉండి నూకరత్నం అంతా వింటోందని అప్పుడు తెలిసింది మాకు. కోర్టు అయ్యాక వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడలేదు.

“సాల్లేయే పైడీ” అంది. “ఇంక బండెక్కు. సలి ఎక్కువైపోతన్నాది.”

పైడితల్లి అంచు వైపు తల తిప్పింది. ఇక్కడనుంచి ఏమీ కనబడదు, చుక్కలు తప్ప.

“నీకూ ఉన్నాయప్పా తిట్లు” అంది. “వొచ్చి సెప్తాను. ఉండు.”

“ఉంటాను” అంది నూకరత్నం. “టీ పెట్టి ఉంచుతాను. రా.”